కొంగల చెరువుల దగ్గర తీర్చుకున్న మొక్కు

మా అన్నయ్య చెవికి మిషను పెట్టించిన వారం ఆ ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని తనకు తెలియదు. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. వదిన గిన్నెలు కడుగుతుంటే చేతి గాజులు గలగలమన్నాయట. "నువ్వెప్పుడూ ఇలాగే మోగుతావా?" అని అడిగాడట. "పెళ్లయిన కాడ్నుంచీ మోగుతానే ఉన్నా. మీకు ఇప్పుడందింది కబురు" అందట వదిన.

మాది మంగళగిరిలో నేత ఇల్లు. నా చిన్నప్పుడు ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. ఒక గుంటలో నాన్న కూర్చునేవాడు, రెండో గుంటలో అన్నయ్య. నేను రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేదాన్ని. నాకు మొదటి కీర్తన నేర్పింది అన్నయ్యే. నూలు కండె ఉన్న నాడె ఇటునుంచి అటు పోయేలోగా ఒక మాట, తిరిగి వచ్చేలోగా ఇంకో మాట. మధ్యలో నేతను బిగించే చెక్క పలక దెబ్బే తాళం. ఆ తర్వాత నేను గురువుగారి దగ్గర పాఠం చెప్పుకున్నాను, శాస్త్రం విన్నాను, పురాణాలు చదివాను. ఇప్పుడు మా వీధి భజన సమాజం నడిపేది నేనే. మందిరం తాళంచెవి నా కొంగుకే ఉంటుంది, సాయంత్రం దీపం నేనే పెడతాను. కానీ దేవుడి పేరు నా నోటికి పట్టించింది మాత్రం మగ్గం గుంటలో కూర్చున్న ఆ మనిషి.

చేనేత మీద ఇల్లు గడవని రోజులు వచ్చాక అన్నయ్య పవర్‌లూమ్ షెడ్డులో పనికి కుదిరాడు. రేకుల కప్పు కింద ఆ మిషన్లన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన మనిషి అరిచినా వినపడదు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి ఉండి చెవులు పోయాయి. చెవులతో పాటు పాటా పోయింది. భజనకు వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. మేం లేస్తే లేచేవాడు, దండం పెడితే పెట్టేవాడు. పెదాలు మాత్రం కదిపేవాడు కాదు.

అందుకే మొక్కుకున్నాను. అన్నయ్యకు వినికిడి వస్తే మా సమాజమంతా తన చుట్టూ నిలబడి నామసంకీర్తన చేస్తాం, స్వామి పేరే తన చెవిన మొదట పడేలా చూస్తాను అని. మొదట గడియారం పడింది, కుక్కర్ పడింది, వదిన గాజులు పడ్డాయి. అవి లెక్కలోకి తీసుకోకు స్వామీ అని సర్ది చెప్పుకున్నాను.

వారం తర్వాత వెళ్లి ఎదురుగా కూర్చుని అడిగాను. "అన్నయ్యా, నీకు అన్నిటికన్నా ఏం వినాలనుంది?"

జవాబు నాకు ముందే తెలుసనుకున్నాను. వదినకు వినపడేటట్టు కాస్త గట్టిగానే అడిగాను కూడా.

అన్నయ్య ఆలోచించాడు. "గుంటూరు దాటాక కొంగల చెరువులు లేవూ? అక్కడికి పోదామే ఒకసారి."

పెళ్లికి ముందు అన్నయ్య చీరల మూట సైకిల్‌కి కట్టుకుని పల్లెలు తిరిగి అమ్మేవాడు. ఆ దారిలో ఒక ఊరి పక్కన చెరువులు ఉన్నాయి. చెరువుల మధ్యలో తుమ్మ చెట్లు, ఆ చెట్ల నిండా ఎక్కడెక్కణ్నుంచో వచ్చి గూళ్లు పెట్టుకునే పెద్ద పెద్ద కొంగలు, గూడబాతులు. అన్నయ్య ఆ గట్టు మీద కూర్చుని చద్ది తినేవాడట. "ఆ గోల ఊరి మొదట్లోకే వినపడేదే. సైకిల్ మీద ఉండగానే తెలిసిపోయేది, అన్నం వేళయిందని" అన్నాడు. చెబుతుంటే ముఖం కుర్రవాడిలా అయింది.

నా మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లు నేను స్వామి ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకుని అడిగితే వచ్చిన వినికిడి అది. దానితో కొంగల గోల వింటాడట! పైకి నవ్వాను గానీ ఇంటికి వెళ్లేటప్పటికి నా లోపల ఒక పథకం తయారైంది. తను కోరినట్టు చెరువులకే తీసుకెళతాను. మా సమాజాన్ని కూడా తీసుకెళతాను. చెరువు గట్టు మీదే మొక్కు తీర్చుకుంటాను. తనకు ఏది వినాలనుండాలో అక్కడే తెలుస్తుంది. ఇదంతా భక్తి అనే అనుకున్నాను. అందులో నా రోషం ఎంత ఉందో అప్పుడు నాకు కనపడలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం వ్యాన్ మాట్లాడుకుని బయల్దేరాం. మా సమాజం ఆడవాళ్లంతా పసుపు అంచు చీరలు కట్టుకుని వచ్చారు. డోలక్, చేతి తాళాలు, పులిహోర డబ్బాలు అన్నీ ఎక్కించాం. అన్నయ్య ఉతికిన పంచె కట్టుకుని డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నాడు. కిటికీ అద్దం దించమని, మళ్లీ ఎక్కించమని, మళ్లీ దించమని ఆ డ్రైవర్‌ని వేధించాడు. గాలి ఎలా చప్పుడు చేస్తుందో చూస్తున్నాడని వదిన నాకు చెప్పింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు ఆఖరి తీతకు వచ్చి వడిలిపోయి ఉన్నాయి. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ ఘాటుకు వ్యాన్లో అందరం తుమ్ముతుంటే, ఒక్కో తుమ్ముకీ అన్నయ్య వెనక్కి తిరిగి చూసి, ఎవరిదో సరిగ్గా చెప్పి నవ్వించాడు.

ఇప్పుడు ఆ చెరువుల్ని పక్షుల రక్షణ కేంద్రం చేశారు. గేటు పెట్టారు, చూడ్డానికి ఒక మంచె కట్టారు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న కాపలా మనిషి మా డోలక్ చూసి లేచాడు.

"అయ్యి లోపలికి వద్దమ్మా. గూళ్లల్లో పిల్లలున్నయ్యి. చప్పుడు చెయ్యగూడదు."

"సినిమా పాటలు పాడతామనుకున్నావా నాయనా? దేవుడి పేరు. ఆ పక్షులు మాత్రం ఎవరివి? స్వామి ఎక్కి తిరిగేది దేని మీద, గరుత్మంతుడి మీద కాదూ?"

వెనక మా వాళ్లు "బాగా చెప్పారు" అన్నారు. కాపలా మనిషి నా నుదుట బొట్టు చూశాడు, చేతిలో తాళాలు చూశాడు. ఆయన మెడలోనూ తులసి పూసలు ఉన్నాయి. కాస్త తటపటాయించి రెండు చేతులూ జోడించాడు. "సరేనమ్మా. కొంచెం మెల్లిగా" అన్నాడు. ఆ మనిషి నియమం మీద నిలబడలేదు, దేవుడి పేరుకు లొంగాడు. ఆ పేరు వాడుకుని లొంగదీసింది నేను. ఆ క్షణంలో నాకు గర్వంగానే అనిపించింది.

లోపలి దారి చిన్నపిల్లలు కూడా నడవగలిగేది. చెరువు గట్టు వెంబడి చదునైన మట్టి బాట, అక్కడక్కడా తుమ్మ నీడ. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు కూడా హాయిగా నడిచారు. అన్నయ్య అందరికన్నా ముందు నడుస్తున్నాడు. రెండడుగులు వేయడం, ఆగి తల ఒక పక్కకు వంచడం, మళ్లీ రెండడుగులు వేయడం. దూరంగా చెట్ల మీంచి ఏదో ముతకగా గరగరమనే శబ్దం వస్తోంది. తను నా వైపు తిరిగి వేలు చూపించి కళ్లు పెద్దవి చేశాడు.

నేను అప్పుడే కీర్తన అందుకున్నాను. నా గొంతు పెద్దది. డోలక్ కలిసింది, తాళాలు కలిశాయి, వెనక అందరూ అందుకున్నారు. అన్నయ్య పక్కకే వెళ్లి, నామం సరిగ్గా చెవిలో పడాలని, తాళాలు భుజం ఎత్తున పట్టుకుని వాయించాను. తను నా వైపు చూసి నవ్వాడు. చేయి చెవి దగ్గరకు వెళ్లింది, అక్కణ్నుంచి జేబులోకి వెళ్లింది. చెమట తుడుచుకోవడానికి జేబురుమాలు తీస్తున్నాడనుకున్నాను.

మొదటి చెరువు దగ్గరకు వచ్చేసరికి చెట్టంతా ఒక్కసారి లేచింది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. తెల్లటి రెక్కలు, నల్లటి అంచులు, తోక దగ్గర గులాబీ రంగు. ఆకాశం సగం మూసుకుపోయినట్టయింది. మా వాళ్లు "స్వామి పిలిచినట్టు లేచాయి, చూడండి!" అని చేతులు జోడించారు. నాకూ ఒళ్లు పులకరించింది. గొంతు ఇంకో మెట్టు పెంచాను.

వదిన పాడటం ఆపేసి చెట్టు వైపు చూస్తోంది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. ఆమె నోరు పదునైనదే గానీ అప్పుడు గొంతు మెత్తగా ఉంది. "వదినా, గూళ్లల్లో పిల్లలు చూడు. తల్లులు రెక్కలు అడ్డం పెట్టి నిలబడ్డయ్యి ఇందాకటిదాకా. ఇప్పుడు ఎండంతా వాటి మీదే."

చూశాను. బూడిద రంగు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. "వస్తాయిలే, ఎక్కడికి పోతాయి" అన్నాను తాళం తప్పకుండా.

రెండో చెరువు గట్టు మీద చెట్టు నీడలో అన్నయ్యను కూర్చోబెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం, మొక్కుకున్నట్టే. పాడవలసినవన్నీ పాడాం. హారతి ఇచ్చాం. అప్పటికి ఆ చెరువు మధ్య చెట్లు కూడా ఖాళీ అయ్యాయి. నీళ్ల మీద ఈకలు తేలుతున్నాయి. తాళాలు కింద పెట్టి, అందరూ వింటుండగా, అన్నయ్య మోకాలు పట్టుకుని అడిగాను.

"అన్నయ్యా, విన్నావా? ఎట్లా ఉంది?"

"బాగుందమ్మా, బాగుంది" అన్నాడు నవ్వుతూ.

"నువ్వు మగ్గం మీద నాకు నేర్పిన కీర్తన పాడాను. గుర్తుపట్టావా?"

"చాలా బాగుంది" అన్నాడు మళ్లీ. అదే నవ్వు. భజనలో వెనక వరసలో కూర్చుని ఇన్నేళ్లూ నవ్విన నవ్వు.

వదిన ముందుకు వచ్చి, అన్నయ్య చొక్కా జేబులో చేయి పెట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇదిగో. మీ అన్నయ్య చెవులు దీంట్లో ఉన్నయ్యి. ఏదన్నా అడగాలంటే దీన్నడుగు."

మా వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి మానుకున్నారు. నాకు నెత్తురంతా ముఖంలోకి వచ్చినట్టయింది. ఏం జరిగిందో అన్నయ్యకు అర్థమైంది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని, తడుముకుంటూ మిషను పెట్టుకుని, తప్పు తనదైనట్టు నా వైపు చూశాడు.

"ఆ తాళాలు చెవిలో సూదులు దింపినట్టున్నయ్యే అమ్మాయ్. అలవాటు లేదు గదా. నువ్వు మొక్కుకున్నావు, చెప్తే బాధపడతావని తీసేశా. అయినా నీ నోరు కదులుతుంటే నాకు పాట తెలుస్తానే ఉంది."

"పోనీలెండి, చెవిన పడకపోయినా పుణ్యం పుణ్యమే" అంది మా సమాజంలో పెద్దావిడ. ఓదార్పుగానే అంది. అలాంటి మాట నేను ఎంతమందికి చెప్పానో! ఆ రోజు అది నా మీదికి వచ్చేసరికి తల ఎత్తలేకపోయాను.

"మరి కొంగలు? వాటినన్నా విన్నారా?" అని వదిన అడిగింది.

అన్నయ్య చెట్ల వైపు చూశాడు. "ఏవీ? లేవుగా" అన్నాడు.

గేటు దగ్గరకు తిరిగి వచ్చాం. ఎప్పటికి తిరిగి వాలతాయని కాపలా మనిషిని అడిగాను. నా ముఖంలోకి చూడకుండా, "పొద్దుగూకేటప్పటికి వస్తయ్యేమోనమ్మా, ఎవరూ లేకపోతే" అన్నాడు. వ్యాన్ తలుపు తీసి ఉంది. మా వాళ్లు ఎక్కి కూర్చున్నారు. మందిరంలో దీపం వేళకు చేరాలి. ఇంకోసారి వద్దాంలే పదండి అన్నాడు అన్నయ్య. ఆ ఇంకోసారి ఎప్పుడూ రాదని మా ముగ్గురికీ తెలుసు. తనంతట తాను అడిగి ఏదీ సాధించుకునే మనిషి కాదు. ఇన్నేళ్లలో నన్ను కోరింది ఇదొక్కటే.

నా కొంగుకున్న తాళంచెవి విప్పి పెద్దావిడ చేతికిచ్చాను. "ఇవాళ దీపం మీరు పెట్టండి. నేను మా అన్నయ్యతో ఉంటాను. మేం బస్సుకు వస్తాం." అందరూ వింతగా చూశారు. జ్వరం వచ్చినప్పుడు కూడా నేను ఆ తాళంచెవి ఇంకొకరికి ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట కూడా అవసరమైన దానికన్నా గట్టిగానే అన్నాను. తలవంపుతో కుంగిపోతూ కూడా నా త్యాగం నలుగురికీ వినపడాలనుకున్నాను. ఆ సంగతి వ్యాన్ వెళ్లిపోయాక, దుమ్ము అణిగాక తెలిసింది. తెలిసి, ఇందాకటికంటే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ముగ్గురం వెనక్కి నడిచాం. ఈసారి ఎవరం మాట్లాడలేదు. మొదటి చెరువుకు దూరంగా, తుమ్మ కింద, గట్టు వాలులో కూర్చున్నాం. అవతల మిరప చేలో కోతకు వచ్చిన ఆడవాళ్లు గంపలు ఎత్తుకుని ఇళ్లకు పోతున్నారు. వాళ్లలో ఒకరు గట్టిగా ఏదో పిలిస్తే నేనే ఉలిక్కిపడ్డాను.

నాకు మౌనంగా కూర్చోవడం రాదు. లోపల నామం నడుస్తూనే ఉంటుంది, దానికి తగ్గట్టు వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉంటాయి. వదిన మాట్లాడకుండా నా మణికట్టు పట్టుకుంది. కాసేపటికి వదిలేస్తుందేమో అనుకున్నాను. వదల్లేదు.

భక్తికి ఉన్న మార్గాల్లో శ్రవణం మొదటిది, కీర్తనం ఆ తర్వాతిది. ఇది మా గురువుగారు మొదటి పాఠంలో చెప్పారు. నేను మా వాళ్లకు ప్రతి ఏడూ చెబుతాను. వినడం ముందు ఎందుకు పెట్టారో ఉదాహరణలతో సహా చెబుతాను. చెప్పి, మెచ్చుకోళ్లు విని, ఇంటికి వెళతాను. అన్నయ్య గడియారం దగ్గర మొదలుపెట్టి, గాజులు, గాలి, తుమ్ములు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఇష్టంగా వింటూ వస్తున్నాడు. తనకు శ్రవణం నేర్పాలని నేను తాళాలు పట్టుకుని వచ్చాను. స్వామికి ఏమని చెప్పుకోవాలో తోచలేదు. క్షమించమనడానికి కూడా నోరు తెరవాలంటే భయమేసింది.

ఎండ పసుపు రంగుకు తిరిగాక మొదటి కొంగ వచ్చింది. చెట్టు చుట్టూ తిరిగింది, వాలకుండా పోయింది. మళ్లీ వచ్చి వాలింది. దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత నాలుగైదు కలిసి. అన్నయ్య మిషను సరిచేసుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

పక్షులంటే కూస్తాయనుకున్నాను నేను. ఇవి కూయవు. గూట్లో పిల్లలు గరగరమంటున్నాయి, పెద్దవి పొడుగాటి ముక్కులు టకటకా కొడుతున్నాయి. ఒక గూటి నుంచి టకటక, అవతలి గూటి నుంచి టకటక. చెక్క మీద చెక్క పడుతున్న చప్పుడు.

అన్నయ్య నా చేయి పట్టుకుని ఊపాడు. "వినవే! నాన్న మగ్గం, నా మగ్గం. పక్కపక్కన ఆడుతున్నట్టు లేదూ?"

ఉంది. అచ్చం అలాగే ఉంది. నేను తల ఊపాను. తను కళ్లు మూసుకుని విన్నాడు. పెదాలు కదిలాయి. పాడుతున్నాడో, లెక్క వేసుకుంటున్నాడో తెలియలేదు. అడగలేదు.

వెలుగు తగ్గుతుంటే కాపలా మనిషి గట్టు మీదుగా వచ్చి మా వెనక నిలబడ్డాడు. వెళ్లమని చెప్పడానికే వచ్చి ఉంటాడు. అన్నయ్యను చూసి ఆగాడు. మా ఎదుటి చెట్టులో సగం కొమ్మలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. రెండో చెరువు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు.

అన్నయ్య కళ్లు తెరిచి, చెట్టంతా ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగాడు. "నా చిన్నతనంలో ఇంతకు రెట్టింపు గోల ఉండేదండీ. ఈ ఏడు తక్కువ వచ్చినట్టున్నయ్యి."

కాపలా మనిషి నా వైపు చూశాడు. వదిన నా మణికట్టు వదిలేసి తన కొంగు సర్దుకోవడం మొదలుపెట్టింది. మా పాటకు బెదిరి పోయాయని చెప్పాల్సింది నేనే. నోరు రాలేదు.

"అవునండీ, ఈ ఏడు తక్కువే" అన్నాడు కాపలా మనిషి.

అన్నయ్య తల పంకించి, మళ్లీ చెవి అటు పెట్టి విన్నాడు.